ఈసీ క్లీన్, 22ఎలో లేదు, రెరా ఉంది: విశాఖ భూమి గురించి చట్టం చెప్పేదీ చెప్పనిదీ

ఆనందపురం జంక్షన్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఈ మధ్య ఒకే పాట. "ఈసీ క్లీన్ సార్. 22ఎలో లేదు. వీఎంఆర్‌డీఏ అప్రూవ్డ్. రెరా నంబరుంది. భోగాపురం ఎయిర్‌పోర్టుకి ఇరవై నిమిషాలు." మొత్తం ఐదు ముక్కలు. కొనడానికి వచ్చినవాళ్ళు కారు వేసుకెళ్ళి మరీ సరిచూసుకునేది చివరి ముక్కనే. మొదటి నాలుగూ చట్టం మాటలు కాబట్టి తల ఊపి ఊరుకుంటారు.

ఆ నాలుగూ నిజాలే కావచ్చు. కాకపోతే ఒక్కొక్కటీ ఒక్కో ఆఫీసు నుంచి వచ్చిన నిజం. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉన్నది రెవెన్యూ శాఖకు పట్టదు. రెవెన్యూ వాళ్ళు రాసుకున్నది ప్లానింగ్ వాళ్ళ మ్యాపులో కనిపించదు. దేవాదాయ శాఖ లెక్క మళ్ళీ వేరు. ఇవన్నీ కలిపి "ఈ భూమి నీదే" అని హామీ ఇచ్చే ఆఫీసు మన దగ్గర లేదు. విశాఖలో భూమి మీద డబ్బు పెట్టేవాళ్ళ తలనొప్పుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. అందుకే ఆ నాలుగు ముక్కల్నీ ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

ఇప్పుడే ఎందుకంటే, ఊరు మళ్ళీ వేడెక్కింది. 2025లో రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలను నామమాత్రంగా 99 పైసలకు టీసీఎస్‌కు కేటాయించారు. అదే ఏడాది గూగుల్ డేటా సెంటర్ ప్రకటనతో తర్లువాడ పేరు దేశమంతా వినిపించింది. ఇలాంటి వేడి విశాఖకు కొత్తేమీ కాదు. 2019 డిసెంబరులో పరిపాలనా రాజధాని అన్న మాట రాగానే కాపులుప్పాడ నుంచి భీమిలి దాకా బోర్డులు లేచాయి. 2021 నవంబరులో అందుకోసం చేసిన మూడు రాజధానుల చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. ధర అయినా పడుతూ లేస్తూ నెమ్మదిగా కదులుతుంది. రూలు మాత్రం రాత్రికి రాత్రే మారుతుంది.

## ఈసీలో కనిపించేదీ, కనిపించనిదీ

ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఫలానా ఆస్తి మీద ఫలానా కాలంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన దస్తావేజుల జాబితా. అంతకు మించి అది ఇంకేమీ కాదు. రిజిస్టర్ కాని వీలునామా, నోటి మాటగా జరిగిన పంపకం, కోర్టులో నలుగుతున్న వాటా దావా, ప్రభుత్వం తనదనుకుంటున్న హక్కు వంటివి అందులో కనిపించాలన్న నియమం లేదు.

మధురవాడలో 200 గజాల సైటు ఉందనుకుందాం. తండ్రి స్వార్జితం. వీలునామా రాయకుండానే పోయాడు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమాన వాటా, అంటే తలా 50 గజాలు. కొడుకు ఒక్కడే సంతకం పెట్టి మొత్తం 200 గజాలూ అమ్మేశాడు. ఈసీ తీస్తే తండ్రి కొన్న దస్తావేజు, కొడుకు అమ్మిన దస్తావేజు వరుసగా, ముచ్చటగా కనిపిస్తాయి. చట్టం దృష్టిలో కొన్నవాడికి దక్కింది మాత్రం 50 గజాలే. మిగతా 150 గజాల సంగతి తల్లీ కూతుళ్ళు కోర్టు మెట్లెక్కిన రోజున తెలుస్తుంది.

రిజిస్టర్ చేసేటప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఇది చూడరా అని అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆయనకు అప్పగించిన పని వేరు. వచ్చింది ఎవరు, సంతకం ఎవరిది, స్టాంపు డ్యూటీ సరిపోయిందా అన్నవి చూసి దస్తావేజును నమోదు చేయడం ఆయన పని. అమ్మేవాడికి అసలు హక్కుందో లేదో తేల్చే న్యాయాధికారం ఆయనకు లేదు. రిజిస్ట్రేషన్ వల్ల హక్కు ఉందన్న ఒక ఊహ మాత్రమే ఏర్పడుతుందనీ, దాన్ని ఎవరైనా కోర్టులో సవాలు చేయవచ్చనీ సుప్రీంకోర్టు 2025 నవంబరులో బిహార్ కేసులో మరోసారి గుర్తుచేసింది. జీపీఏ, అంటే తన తరఫున వ్యవహారాలు చూడమని ఇచ్చే అధికార పత్రం, ఆ కాగితంతో కొంటే హక్కు బదిలీ కాదని అదే కోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. అయినా జీపీఏ మీద అమ్మకాలు ఆగలేదనుకోండి, అది వేరే కథ.

హక్కుకు పూచీ ప్రభుత్వమే ఎందుకు ఇవ్వకూడదన్న ఆలోచన నుంచి వచ్చిందే ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం, 2022. జనం నోట్లో ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు, 2024 జులైలో అసెంబ్లీ రద్దు చేసింది. మధ్యలో ఒక ఎన్నిక జరిగింది, అందులో ఈ చట్టం పెద్ద అంశమైంది. ఆ గోలలో అసలు విషయం మరుగున పడింది. సమర్థించినవాళ్ళు చెప్పింది సబబుగానే ఉంది: ఒకే రిజిస్టరు, ఒకే హక్కు, తప్పు జరిగితే ప్రభుత్వం నష్టపరిహారం. కొనేవాడికి ఇంతకన్నా కావలసిందేముంటుంది? వ్యతిరేకించిన న్యాయవాదుల భయమూ ఊరికే పుట్టింది కాదు. హక్కు ఎవరిదో తేల్చేది ప్రభుత్వం నియమించిన అధికారి. సివిల్ కోర్టుకు వెళ్ళే దారి మూసుకుపోతుంది. గడువులోగా అభ్యంతరం చెప్పకపోతే రాసిందే రాత. పల్లెలో ఉన్న రైతుకు తన పేరు ఎక్కడ తప్పిపోయిందో సకాలంలో తెలుస్తుందా? నా మట్టుకు నాకు ఆలోచన మంచిదే అనిపిస్తుంది. దానికి ముందు రికార్డులు సరిగా ఉండాలి, ఆ పని సగంలోనే ఉంది.

విశాఖ రికార్డుల చరిత్రే అంత సాఫీ కాదు. ఈ చుట్టుపక్కల భూములు చాలావరకు విజయనగరం సంస్థానం కింద ఉన్నవే. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో, 1956 ఇనాంల (పూర్వం మాన్యంగా ఇచ్చిన భూముల) రద్దు చట్టంతో అవి రైత్వారీ కిందికి, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతిలోకి వచ్చాయి. ఎవరికి పట్టా వచ్చింది, ఎవరికి రాలేదు, ఏది జిరాయితీ (సొంత పట్టా భూమి), ఏది పోరంబోకు (ప్రభుత్వ భూమి), ఏది గెడ్డ (వాగు) అన్న తగాదాల మూలాలు అక్కడున్నాయి. విశాఖ భూముల అక్రమాల మీద 2017లో ఒక సిట్, 2019లో ఇంకో సిట్ వేయాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. కొన్నవాళ్ళ మొదటి భయం అడంగల్‌లో, అంటే ఏ భూమి ఎవరి అనుభవంలో ఉందో రాసే గ్రామ లెక్కలో, రాత్రికి రాత్రి మారిపోయే పేరు.

## 22ఎ జాబితా: లేదంటే ఏమిటర్థం

రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రం 2007లో చేర్చిన సెక్షన్ 22ఎ ఒక నిషేధ జాబితాకు పునాది. ఆ జాబితాలో ఉన్న సర్వే నంబరును సబ్ రిజిస్ట్రార్ రిజిస్టర్ చేయరు. అందులోకి ఐదు రకాల భూములు వస్తాయి: చట్టమే అమ్మకాన్ని నిషేధించినవి, ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ ఆస్తులు, భూ పరిమితి చట్టాల కింద మిగులుగా తేలినవి, ఇవి కాక ప్రభుత్వం నోటిఫై చేసే ఇతర ఆస్తులు, అంటే కోర్టు జప్తులో ఉన్నవి వగైరా.

నాలుగో రకం విశాఖకు ప్రత్యేకంగా అంటుకుని ఉంది. 1976 పట్టణ భూ పరిమితి చట్టం ఇక్కడ అమలైంది. దాని రద్దును రాష్ట్రం 2008 మార్చిలో స్వీకరించింది. రద్దయ్యేలోపు ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న భూమి మాత్రం ప్రభుత్వానిదే. స్వాధీనం కాగితం మీదే జరిగిందా, నిజంగా జరిగిందా అన్న ప్రశ్న మీద ఇంకా కేసులు నడుస్తున్నాయి. చట్టం పోయి ఇన్నేళ్ళయినా దాని నీడ పోలేదు.

జాబితాలో ఉందంటే రిజిస్ట్రేషన్ కాదు, అంతవరకు స్పష్టం. లేదంటే? ఆ రోజుకి సబ్ రిజిస్ట్రార్‌కు ఎవరూ ఆ నంబరు పంపలేదని మాత్రమే అర్థం. రేపు కలెక్టర్ పంపవచ్చు. ఎల్లుండి తీసేయవచ్చు. దీనికి ఎదురు బాధ కూడా ఉంది. ఒక సర్వే నంబరులో పదెకరాలుంటే, అందులో రెండెకరాలు ప్రభుత్వానివైతే, సబ్ డివిజన్ చేయకుండా నంబరు మొత్తాన్నీ జాబితాలో పడేసిన సందర్భాలు ఎన్నో. ఎనిమిదెకరాల జిరాయితీ రైతులు ఏ తప్పూ లేకుండా ఇరుక్కుపోతారు. జాబితా ఎలా తయారు చేయాలో, ఎవరు పంపాలో, నొచ్చుకున్నవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలో 2015 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ వివరంగా చెప్పింది. అయినా నంబరు తీయించుకోవడానికి కలెక్టరేట్ చుట్టూ తిరిగే రైతులకు కొదవ లేదు.

## డి-పట్టా భూమి ఎందుకంత చవక

22ఎలో మొదటి రకం గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. పెట్టుబడిదారుల్ని ఎక్కువగా ఊరించేదీ, ముంచేదీ అదే.

భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చినది అసైన్డ్ భూమి. వాడుకలో డి-పట్టా. అనుభవించవచ్చు, పిల్లలకు ఇవ్వవచ్చు, అమ్మకూడదు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం అలాంటి అమ్మకం చెల్లదు. చెల్లకపోవడంతో ఆగదు: భూమిని వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకో, అతని వారసులకో తిరిగి ఇచ్చే అధికారం ఉంది. శిక్షలు కూడా కొన్నవాడి మీదే ఉన్నాయి. పక్క జిరాయితీ ఎకరం కోటి పలికే చోట డి-పట్టా ఎకరం ముప్పై లక్షలకు దొరుకుతోందంటే, ఆ డెబ్బై లక్షల తేడా అచ్చంగా చట్టం పెట్టిన ధర. అగ్రిమెంటు మీద కొని, "ఎప్పటికైనా రెగ్యులరైజ్ అవుతుంది" అని కూర్చునేవాడు భూమి మీద కాదు, రాబోయే జీవో మీద పందెం కాస్తున్నాడు.

ఆ పందెం ఒకసారి గెలిచినట్టే కనిపించింది. 2023లో చట్టాన్ని సవరించారు. వ్యవసాయ భూమి ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటితే అసలు పట్టాదారుకు, లేదా వారసులకు పూర్తి హక్కులొస్తాయి. అలా నిషేధం తొలగిన భూములకు ఫ్రీహోల్డ్ అన్న పేరు స్థిరపడింది. గమనించాల్సింది, హక్కు వచ్చింది అసైనీకి, అంటే ప్రభుత్వం భూమి ఇచ్చినవాడికి, అతని దగ్గర దొంగచాటుగా కొన్నవాడికి కాదు. 2024లో ప్రభుత్వం మారింది. ఫ్రీహోల్డ్ పేరుతో అర్హత లేని భూములు కూడా జాబితా నుంచి బయటపడ్డాయని విచారణకు ఆదేశించి, వాటి రిజిస్ట్రేషన్లు నిలిపేసింది. ఆ నిలుపుదలను పొడిగిస్తూ వచ్చారు. సవరణ వచ్చిన వెంటనే రిజిస్టర్ చేయించుకున్నవాళ్ళకు దస్తావేజు చేతిలో ఉంది, నిద్ర మాత్రం పట్టడం లేదు.

ఇక్కడ రెండు వాదనలూ బలమైనవే. పేదవాడికి భూమి ఇచ్చి అమ్మొద్దనడం అతన్ని చిన్నపిల్లాడిలా చూడడమే అంటుంది ఒక వాదన. కూతురి పెళ్ళికో, ఆపరేషన్‌కో అతను ఎలాగూ అమ్ముతాడు. నిషేధం వల్ల మూడో వంతు ధరకే అమ్ముతాడు, అంతే తేడా. హక్కు ఇస్తే పూర్తి ధర అతనికే దక్కుతుంది. రెండో వాదన: విశాఖ లాంటి చోట నిషేధం ఎత్తేస్తున్నారన్న వార్త పేదవాడి కంటే ముందు పెద్దవాళ్ళకే తెలుస్తుంది. రూలు మారకముందే అగ్రిమెంట్లు పూర్తవుతాయి, లాభం అసైనీ ఇంటి గడప కూడా తొక్కదు. ఆనందపురం, భీమిలి వైపు వినిపించిన ఆరోపణలు ఈ రెండో రకానివే.

మాజీ సైనికులకు, స్వాతంత్ర్య సమరయోధులకు ఇచ్చిన భూములది వేరే దారి. పదేళ్ళ తర్వాత అమ్ముకోవచ్చు. అందుకు కలెక్టర్ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, అడిగేవారు. విశాఖలో ఆ ఎన్‌ఓసీల మీదే బోలెడు వివాదాలు నడిచాయి.

## కాగితం లేని ఊరు: పంచగ్రామాలు

జాబితా మనుషుల జీవితాన్ని ఎలా కట్టేస్తుందో చూడాలంటే సింహాచలం కొండ చుట్టూ తిరిగితే చాలు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి. ఈ ఐదింటినీ కలిపి పంచగ్రామాలంటారు. ఒకప్పటి ఇనాం భూములు. ఇనాంల రద్దు తర్వాత నడిచిన ప్రక్రియలో 1990ల్లో దేవస్థానం పేరిట రైత్వారీ పట్టాలు వచ్చాయి. ఈలోగా జనం కొనుక్కున్నారు, కట్టుకున్నారు, తరాలు గడిచాయి. పట్టా దేవుడిదయ్యేసరికి వేల ఇళ్ళు ఒక్క కలం పోటుతో ఆక్రమణలైపోయాయి.

అక్కడ ఇల్లున్న కుటుంబాన్ని తీసుకోండి. ఇంటి పన్ను కడతారు. కరెంటు బిల్లు వస్తుంది, కుళాయి ఉంది, ఓటు ఉంది. అమ్మాలంటే రిజిస్ట్రేషన్ కాదు. పై అంతస్తు వేయాలంటే ప్లాన్ రాదు. బ్యాంకు లోన్ ఊసే లేదు. పన్ను రసీదు చూసి "జీవీఎంసీయే ఒప్పుకుంది కదా" అనుకునేవాళ్ళున్నారు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. కార్పొరేషన్ పన్ను వేసేది ఇంటి మీద, ఆ ఇల్లు ఎవరి నేల మీదుందో తేల్చడం దాని పని కాదు.

క్రమబద్ధీకరణకు 2000లో ఒక జీవో, 2019లో ఒక ప్రత్యేక చట్టం వచ్చాయి. రెండూ కోర్టు చిక్కుల్లో పడ్డాయి. దేవుడి భూమిని ప్రభుత్వం ధారాదత్తం చేయడానికి వీల్లేదన్నది భక్తుల వైపు వాదన. దేవాదాయ చట్టం స్ఫూర్తి కూడా అదే. దశాబ్దాలుగా ఉన్నవాళ్ళను ఖాళీ చేయించడం జరిగే పని కాదు, ధర్మమూ కాదన్నది నివాసుల మాట. దేవస్థానానికి అంతే విలువైన వేరే భూమి ఇచ్చి, ఇళ్ళను క్రమబద్ధీకరించాలన్న మధ్యేమార్గం 2025లో మళ్ళీ ముందుకొచ్చింది. ఏ ఎన్నికలొచ్చినా ఈ ఊళ్ళలో మొదటి హామీ ఇదే.

## "అప్రూవ్డ్" అన్న మాట వెనుక

హక్కు ఎవరిదన్నది ఒక ప్రశ్న. దాని మీద ఏం చేయవచ్చన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిది రెవెన్యూది, రెండోది ప్లానింగ్‌ది. లేఅవుట్‌కు వీఎంఆర్‌డీఏ, అంటే విశాఖ మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ, అనుమతి ఇచ్చిందంటే రోడ్ల వెడల్పు, ఖాళీ స్థలం, డ్రెయినేజీ నిబంధనల ప్రకారం ఉన్నాయని ఒప్పుకుంది. భూమి అమ్మేవాడిదేనని సాక్ష్యం చెప్పలేదు. అనుమతి పత్రంలోనే సాధారణంగా ఆ ముక్క కూడా ఉంటుంది, ఎవరూ చదవరు. పైగా బ్రోషర్ మీద ఉన్నది తాత్కాలిక అనుమతా, తుది అనుమతా అన్న తేడా ఉంది. రోడ్లు, కాలువలు పూర్తి చేశాకే తుది అనుమతి వస్తుంది.

మాస్టర్ ప్లాన్ సంగతి ఇంకా చిత్రం. విశాఖ మెట్రో ప్రాంతానికి 2041 దాకా ఉద్దేశించిన ప్లాన్‌ను 2021లో ఖరారు చేశారు, సవరణల చర్చ అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. మ్యాపులో మీ సర్వే నంబరు మీద పసుపు రంగుంటే నివాసం, ఆకుపచ్చ ఉంటే వ్యవసాయమో హరిత వలయమో. వంద అడుగుల ప్రతిపాదిత రోడ్డు గీత మీ 267 గజాల ప్లాటు మీదుగా వెళ్తే, భూమి మీదే, రిజిస్ట్రేషన్ సక్రమమే, ప్లాన్ మాత్రం రాదు. అదే గీత పక్క ప్లాటు అంచున ఆగితే ఆ ప్లాటు ధర రెట్టింపు. ఒక డ్రాఫ్ట్స్‌మన్ స్కేలు జరిగినంత దూరంలో ఇద్దరి జాతకాలు తారుమారవుతాయి. అందుకే ముసాయిదా మీద అభ్యంతరాలు చెప్పే గడువులో వేల దరఖాస్తులు పడుతుంటాయి.

అనుమతి లేని లేఅవుట్లకు ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, ఉంది కదా అంటారు. 2020లో వచ్చింది, 2025లో మళ్ళీ వచ్చింది. జరిమానా కడితే ప్లాటు క్రమబద్ధమవుతుంది. అదే కాలంలో నిబంధనల ప్రకారం పదో వంతు స్థలం వదిలి, ఫీజులు కట్టి లేఅవుట్ వేసిన రియల్టర్ ఏమనుకోవాలి? మరోవైపు, పదేళ్ళ కిందట పంచాయతీ లేఅవుట్‌లో రెండు లక్షలకు ప్లాటు కొన్న ఆటోడ్రైవరును ఇంకెన్నేళ్ళు శిక్షిస్తారు? పథకం గెడ్డల్ని, చెరువుల్ని, ప్రభుత్వ భూముల్ని మినహాయిస్తుంది. చాలామంది దరఖాస్తులు ఆగిపోయేది అక్కడే.

సముద్రం వైపు వెళ్తే మరో గీత ఎదురవుతుంది. సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంత నియంత్రణ మండలం. పోటు నీరు చేరే గరిష్ఠ గీత నుంచి 500 మీటర్ల దాకా దీని పరిధి. నగరంలో ఇప్పటికే కట్టడాలున్న భాగంలో ఉన్న రోడ్డుకు లోపలి వైపే కట్టుకోవచ్చు, సముద్రం వైపు కొత్తగా కట్టకూడదు. గ్రామీణ తీరంలో జనసాంద్రతను బట్టి తొలి 50 మీటర్లో, 200 మీటర్లో అసలు కట్టకూడని భాగం. సాగర్ నగర్ నుంచి భీమిలి దాకా "సీ వ్యూ ప్లాటు" అన్న ప్రకటన చూసినప్పుడు ఆ వ్యూ ఎందుకు ఖాళీగా మిగిలిందో ఒక్కసారి ఆలోచిస్తే చాలు. రుషికొండ మీద ప్రభుత్వం తానే కట్టిన భవనాలకు ఈ నిబంధనల గొడవే హైకోర్టు దాకా వెళ్ళింది. మామూలు మనిషి ప్లాటుకు మినహాయింపు దొరుకుతుందా?

ఇంకో చిన్న మాట. మన విమానాశ్రయం నేవీది, ఐఎన్‌ఎస్ డేగా. దాని చుట్టూ భవనాల ఎత్తుకు పరిమితి ఉంది. భోగాపురం వచ్చాక నగరంలో ఎత్తుకు అడ్డు తొలగిపోతుందని కొందరు లెక్కలు వేస్తున్నారు. పౌర విమానాలు వెళ్ళిపోయినా నేవీ రన్‌వే అక్కడే ఉంటుందన్నది ఆ లెక్కలో కనిపించదు.

## రెరా ఎవరికి గొడుగు

2016లో పార్లమెంటు చేసిన రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టును రిజిస్టర్ చేశాకే ప్రకటన వేయాలి, బుకింగ్ తీసుకోవాలి. లేఅవుట్లూ ఇందులోకే వస్తాయి, అమ్మిపెట్టే ఏజెంటూ నమోదు కావాలి.

70 లక్షల ఫ్లాటు తీసుకుందాం. పది శాతం, అంటే 7 లక్షలు దాటి తీసుకోవాలంటే బిల్డర్ ముందు సేల్ అగ్రిమెంటును రిజిస్టర్ చేయాలి. కొన్నవాళ్ళ నుంచి వసూలైన ప్రతి వంద రూపాయల్లో 70 ప్రత్యేక ఖాతాలో పడాలి, ఆ ప్రాజెక్టు భూమికీ నిర్మాణానికే వాడాలి. మధురవాడ డబ్బుతో కొమ్మాదిలో భూమి కొనే పాత అలవాటుకు అడ్డుకట్ట అదే. గడువుకు ఇవ్వకపోతే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడిగే హక్కు కొన్నవాడిది. అది షరతుల్లేని హక్కని సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. అన్నిటికన్నా తక్కువ మందికి తెలిసినది ఇంకొకటుంది: భూమి హక్కులో లోపం వల్ల నష్టపోతే బిల్డరే పరిహారం ఇవ్వాలి, దానికి కాలపరిమితి అడ్డు రాదు. ఈసీ, 22ఎ, అప్రూవల్ ఏవీ ఇవ్వని పూచీని ఇక్కడ కొంతవరకు చట్టం బిల్డర్ మెడకు చుట్టింది.

కొంతవరకే. రెరా నంబరు ఇవ్వడానికి అథారిటీ పరిశీలించేది ప్రమోటర్ సమర్పించిన కాగితాల్ని. ఒకరి దగ్గర మరొకరు కొనే పాత ఫ్లాటుకు, విడి సైటుకు రెరా వర్తించదు. ప్రీ లాంచ్ పేరుతో, నంబరు రాకముందే విభజించని స్థలం వాటాను రాసిచ్చి డబ్బు తీసుకోవడం ఈ చట్టానికి కన్నం వేయడమే. చదరపు అడుగుకు వెయ్యి తక్కువ అన్న ఆశతో ఆ కన్నంలోంచి దూరేవాళ్ళకు బయటికి వచ్చే దారి ఇరుకు. బిల్డర్ల బాధ వాళ్ళది: డబ్బులో 70 శాతం ఖాతాలో కట్టిపడేశాక భూమి కొనడానికి అప్పు తేవాలి, ఆ వడ్డీ చివరికి కొనేవాడి మీదే పడుతుంది, మా ఆలస్యానికి శిక్ష ఉంది, అనుమతులు ఆలస్యం చేసే ఆఫీసులకు లేదు అంటారు. చివరి మాటలో నిజముంది.

## వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ సర్కారు వాటా

అదే 70 లక్షల ఫ్లాటు. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. అంటే 5.25 లక్షలు. నిర్మాణంలో ఉండగా కొంటే 5 శాతం జీఎస్టీ, మరో 3.5 లక్షలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. ఖాళీ ప్లాటుకూ లేదు. ధర 50 లక్షలో, ఆపైనో ఉంది కాబట్టి కొన్నవాడే అమ్మేవాడికిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్, అంటే ముందే కోసే ఆదాయపు పన్ను, పట్టుకుని కట్టాలి. ఇక అలవాటైన నగదు బయానా: స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా పుచ్చుకుంటే పుచ్చుకున్నంత మొత్తమూ జరిమానా పడవచ్చు.

అమ్మేటప్పటి లెక్క 2024 జులై 23న మారింది. రెండేళ్ళు దాటి ఉంచుకున్న ఆస్తి లాభం మీద పన్ను 12.5 శాతం, కానీ కొన్న ధరను ద్రవ్యోల్బణంతో పెంచి చూపే వీలు పోయింది. ఆ తేదీకి ముందే కొన్న, పన్ను లెక్కలో భారత నివాసులైన వ్యక్తులకు మాత్రం పాత 20 శాతం లెక్కతో పోల్చి ఏది తక్కువైతే అది కట్టే వెసులుబాటు మిగిలింది.

2012-13లో పెందుర్తిలో 20 లక్షలకు ఒక సైటు కొన్నారనుకుందాం. అప్పటి ద్రవ్యోల్బణ సూచీ 200, 2025-26 సూచీ 376. పెంచిన కొనుగోలు ధర 37.6 లక్షలు. 2025-26లో 50 లక్షలకు అమ్మితే పాత లెక్కలో లాభం 12.4 లక్షలు, పన్ను 2.48 లక్షలు. కొత్త లెక్కలో లాభం 30 లక్షలు, పన్ను 3.75 లక్షలు. పాతదే మేలు. అదే సైటు 90 లక్షలకు పోతే పాత లెక్కలో 10.48 లక్షలు, కొత్త లెక్కలో 8.75 లక్షలు. ఇప్పుడు కొత్తది మేలు. దాదాపు 67 లక్షల దగ్గర రెండూ సమానం. అంటే ధర వేగంగా పెరిగినవాడికి కొత్త రూలు కలిసొచ్చింది, నెమ్మదిగా పెరిగినవాడికి కలిసిరాలేదు. తేదీ తర్వాత కొన్నవాడికి ఎంపికే లేదు.

## కొండెక్కితే పాట మారుతుంది

ఈ నాలుగు ముక్కల పాట అసలు పనికిరాని చోటు ఒకటుంది. ఆదివారం అరకు వెళ్ళొచ్చిన ప్రతివాడికీ అక్కడో రిసార్టు కట్టాలనిపిస్తుంది. అరకు, పాడేరు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నా, పెట్టుబడి ఆలోచన పుట్టేది విశాఖలోనే. అది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను సవరించి 1970లో తెచ్చినదే అందరూ చెప్పుకునే 1/70. దాని ప్రకారం అక్కడ భూమి గిరిజనులకే, లేదా గిరిజనులు మాత్రమే సభ్యులైన సహకార సంఘానికే బదిలీ కావాలి. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు: తనఖా, లీజు, దానం, మార్పిడి అన్నీ వస్తాయి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఒకప్పుడు గిరిజనుడిదేనని చట్టం ముందే అనుకుంటుంది, కాదని నిరూపించాల్సింది ఉన్నవాడే. సుప్రీంకోర్టు 1988లో ఈ చట్టాన్ని సమర్థించింది. అనంతగిరి మండలం గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదంది.

దీనివల్ల కొండ మీద పెట్టుబడి రాదు, గిరిజన యువకుడికి తన భూమి మీద పెద్ద లోన్ పుట్టదు అన్న విమర్శ ఉంది. ఈ చట్టం లేకపోతే రుషికొండ చుట్టుపక్కల ఏం జరిగిందో అరకులోనూ అదే జరిగేదన్న జవాబూ ఉంది.

అక్కడ బ్రోకర్ "ఈసీ క్లీన్" అనడు. "మనకు తెలిసిన గిరిజనుడి పేరు మీద పెడదాం సార్, డబ్బు మీది, పేరు అతనిది" అంటాడు. బినామీ లావాదేవీల నిషేధ చట్టం అలాంటి ఆస్తిని జప్తు చేస్తుంది. ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా కఠిన జైలు, విలువలో నాలుగో వంతు దాకా జరిమానా. ఆ మాటకొస్తే జప్తు దాకా వెళ్ళక్కర్లేదు. పేరు ఇచ్చిన మనిషి ఒక ఉదయం భూమి నాదేనంటే, డబ్బు పెట్టింది నేనంటూ దావా వేయడానికి అదే చట్టం ఒప్పుకోదు.